ఒంటి గుడ్డు పక్షి

కనుమ నాడు అహోబిలం నుంచి నరసింహస్వామి వేటకు బయలుదేరతాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా ముప్ఫైకి పైగా ఊళ్లు తిరుగుతారు. పార్వేట అంటాం దాన్ని. తన కల్యాణానికి రమ్మని ఊరూరా పిలవడానికి పెళ్లికొడుకే బయలుదేరాడని మా వైపు చెప్పుకుంటారు. పల్లకీ వచ్చే ఊళ్లో గోడలకు సున్నం పడుతుంది, అత్తారిళ్ల నుంచి ఆడబిడ్డలు దిగుతారు, వీధి వీధంతా తిరునాళ్లయిపోతుంది. పేరుకే వేట. స్వామి బాణానికి ఒక్క జింక పడినట్టు ఎవరూ చెప్పలేదు. పల్లకీ వెళ్లిపోయాక పొలాల్లో జంతువులు వచ్చినన్నీ వచ్చినట్టే ఉంటాయి.

మనుషులు ఆడిన వేట ఎలా ముగిసిందో చూడాలంటే ఆళ్లగడ్డ నుంచి నంద్యాల మీదుగా నందికొట్కూరు వైపు పోవాలి. మిడుతూరు మండలంలో రోళ్లపాడు అనే ఊరుంది. మిడుతూరుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో పండితులు తేల్చుకోవాలి గానీ, నా చెవికి మాత్రం అందులో మిడుతే వినిపిస్తుంది. ఈ కథకు అది సరిపోతుంది కూడా. ఎందుకంటే ఇది మిడుతలు తిని బతికిన ఒక పెద్ద పక్షి కథ. మన భాషలో దాని పేరు బట్టమేక.

రోళ్లపాడు అభయారణ్యం అనగానే అరణ్యాన్ని ఊహించుకుని వెళ్లినవాళ్లు మోసపోతారు. నల్లమల చీకటి అక్కడ లేదు, మహానంది కోనేటి చల్లదనం లేదు. ఎండాకాలం పోతే కళ్లు మూతలు పడే తెల్లటి వెలుగు, ఆకాశం, నేల. వాన పడితే మోకాలెత్తు గడ్డి. అక్కడక్కడా రేగుపొదలు. ఒకవైపు నల్లరేగడి, ఒకవైపు ఎర్రనేల. చుట్టూ జొన్న, కొర్ర, వేరుశనగ చేలు. గొర్రెల మంద ఒకటి పోతుంటే దాని వెనక లేచే దుమ్ము తప్ప మైలు దూరం దాకా కదిలేదేదీ కనబడదు. బట్టమేకకు కావలసింది సరిగ్గా అదే. చెట్టు అక్కర్లేదు, కొమ్మ అక్కర్లేదు. కొమ్మను పట్టుకునే వెనక వేలే దాని కాలికి లేదు. నేల మీద పుట్టి, నేల మీద నడిచి, నేల మీదే గుడ్డు పెట్టే పక్షి. నాలుగు దిక్కులా చూపు ఆనేంత ఖాళీ ఉంటేనే దానికి నిద్ర పడుతుంది.

ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి లోకంలో కొన్నే. మగది మీటరు ఎత్తు నిలుస్తుంది, పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది అందులో సగం కూడా ఉండదు. గోధుమరంగు వీపు, తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు ఈకలు, మగదానికి రొమ్ముకు అడ్డంగా నల్లపట్టీ. నడకలో తొందర ఉండదు. అడుగు వేసి, ఆగి, మెడ సాచి చూసి, మళ్లీ అడుగు. పెళ్లివారింట్లో పెద్దమనిషి నడిచినట్టు ఉంటుంది. దూరం నుంచి గడ్డిలో ఆ వీపు మాత్రమే కనబడితే మేక మేస్తోందనుకుంటాం. పేరులో మేక ఎందుకు చేరిందో నాకు ఆ వీపు చూస్తేనే అర్థమవుతుంది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొర 1860లలో భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం వేసినప్పుడు ఈ పక్షికి హిందీ పేర్లతో పాటు మన తెలుగు పేరునూ రాసుకున్నాడు. అంటే నూట అరవై ఏళ్ల కిందట పల్లెల్లో ఆ మాట వాడుకలో ఉంది, అడిగితే చెప్పేవాళ్లున్నారు. ఇవాళ మన పిల్లల్ని బట్టమేక అంటే ఏమిటని అడిగితే మేకల్లో ఒక రకమనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు.

వానలు మొదలయ్యాక మగ బట్టమేక కొంచెం మిట్టగా ఉన్న చోటు ఎంచుకుంటుంది. ఏటా అదే మిట్ట. తోక వీపు మీదికి విప్పుకుని, గొంతు కింద సంచిని గాలితో నింపుతుంది. ఆ తెల్లటి సంచి ఉబ్బి ఉబ్బి కాళ్ల దాకా వేలాడుతుంది. అప్పుడు లోపల్నుంచి హూం అని ఒక మోత. ఉత్తరాదిన కొన్నిచోట్ల దాన్ని ఆ మోతతోనే ‘హూం’ అని పిలిచారు. అర కిలోమీటరు దూరం పోతుంది ఆ శబ్దం. ఖాళీ కడవలో నోరు పెట్టి ఎవరో పిలిచినట్టు, తెల్లవారుజామున ఆ బీడంతా దానితో కంపిస్తుంది. గడ్డిలో ఎక్కడో ఉన్న ఆడపక్షి విని వస్తుంది. ఆ తర్వాత మగదానికి ఏ బాధ్యతా లేదు. గూడు కట్టడమంటూ ఏమీ ఉండదు. నేల మీద కాస్త పల్లంగా ఉన్న చోట ఆడది గుడ్డు పెడుతుంది.

ఒక్కటే గుడ్డు. రెండు పెట్టడం చాలా అరుదు. ఇరవై ఏడు రోజులు పొదగాలి. పిల్ల బయటికి వచ్చాక మరుసటి ఏడు దాకా తల్లిని వదలదు. ఈ లెక్కను కాస్త మనసులో పెట్టుకోవాలి. కోడి నష్టపోతే నెల తిరిగేసరికి పూడ్చుకుంటుంది. కౌజుపిట్ట డజను గుడ్లు పెడుతుంది. బట్టమేక జమాఖర్చులో జమ వైపు ఏడాదికి ఒక్క అంకె, అదీ కుక్క చూడకపోతే, మంద తొక్కకపోతే, కాకి ఎత్తుకుపోకపోతే. పులి లాంటి శత్రువులు లేని చోట, దీర్ఘాయువుతో నెమ్మదిగా బతికే జీవికి ఆ లెక్క సరిపోతుంది. తుపాకీ వచ్చాక సరిపోదు.

ఇదే లెక్కతో బతికిన మరో పక్షి ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఉండేది. పేరు గ్రేట్ ఆక్. రోళ్లపాడు ఎండకూ ఆ మంచుగాలికీ పోలికే లేదు కానీ ఆ కథ చెప్పకుండా ఈ కథ నాకు పూర్తి కాదు. అది ఎగరలేని సముద్రపక్షి. ఐదు కిలోల బరువు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటికీ ముక్కుకూ మధ్య తెల్లటి మచ్చ. నీళ్లలో చేపకన్నా వేగం, గట్టున మాత్రం పసిపిల్ల నడక. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం రాతి దీవుల మీదికి ఎక్కి, ఒక్క గుడ్డు పెట్టి పొదిగి, మళ్లీ సముద్రంలోకి దిగిపోయేది. ఆ కొన్ని వారాలే దాని ప్రాణం తీశాయి. 1534లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియె న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఒక దీవిలో దిగి, అరగంట లోపు రెండు పడవల నిండా ఈ పక్షుల్ని వేసుకున్నాడు. ఉప్పుపట్టిన పీపాలు వేరే. అప్పటినుంచి అటు పోయే ఓడలకు అదొక నడిసముద్రపు మాంసం దుకాణం. తర్వాత పరుపుల్లోకి ఈకల గిరాకీ వచ్చింది. ఫంక్ దీవిలో రాయి తప్ప కట్టెపుల్ల లేదు. ఈకలు ఊడబెరకడానికి మరిగే నీళ్లు కావాలి. అక్కడ దిగిన మనుషులు ఆ పక్షుల్నే పొయ్యిలోకి తోసి మంట పెట్టారు. వాటి ఒంట్లో కొవ్వు బాగా మండుతుంది. పక్షిని ఉడకబెట్టడానికి పక్షే కట్టె. ఇంతకన్నా వివరంగా రాయడానికి చేయి రాదు.

స్కాట్‌లాండ్ పడమర కొసన ఉన్న సెయింట్ కిల్డా దీవుల్లో 1840లో ఒక ఆక్‌ను పట్టుకుని మూడు రోజులు కట్టేశారు. ఈలోగా తుఫాను వచ్చింది. ఆ తుఫాను తెచ్చిన మంత్రగత్తె ఇదేనని కర్రలతో కొట్టి చంపారు. బ్రిటన్‌లో కనబడిన చివరిది అదే. ఐస్‌లాండ్ దగ్గర వాటికి ఆశ్రయంగా మిగిలిన రాతి దీవి 1830లో అగ్నిపర్వతం కదలికకు మునిగిపోయింది. బతికినవి పక్కనున్న ఎల్డే అనే నిట్టనిలువు రాయి మీదికి చేరాయి. అరుదైపోయిన కొద్దీ మ్యూజియంలకూ సేకరణ పిచ్చి ఉన్న దొరలకూ వాటి మీద మోజు పెరిగింది. ‘అంతరించిపోతోందట, మనకొకటి దొరికితే బాగుండు’ అనే ఆశ కన్నా క్రూరమైనది నాకు మరొకటి కనబడదు. 1844 జూన్ మొదటి వారంలో ఒక వ్యాపారి పురమాయింపు మీద కొందరు పడవలో వెళ్లారు. యోన్ బ్రాండ్సన్, సిగుర్దుర్ ఇస్లెఫ్సన్, కెటిల్ కెటిల్సన్ అనే ముగ్గురు రాయి ఎక్కారు. రెండే పక్షులున్నాయి, మగా ఆడా. ఒకటి మూలకు నక్కింది. ఒకటి అంచు దాకా నడిచింది. పరుగు కూడా కాదు, నడక. రెండింటి గొంతులూ నులిమారు. రాతి మీద ఉన్న గుడ్డు పగిలింది. బూటు కింద నలిగిందనే మాటే లోకంలో నిలిచింది.

ఆ జంట చర్మాలు చేతులు మారాయి. లోపలి అవయవాలు సీసాల్లో కోపెన్‌హేగెన్ చేరాయి. ఎవరి ఒళ్లు ఎక్కడుందో చాలాకాలం తెలియలేదు. మగదాని చర్మం బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉందని 2017లో డీఎన్ఏ పరీక్షతో తేల్చారు. లోకం మొత్తం మీద ఇప్పుడు ఆ జాతికి గుర్తుగా సుమారు ఎనభై చర్మాలు, డెబ్భై ఐదు గుడ్లు మిగిలాయి. గాజు పెట్టెల్లో. 1858లో జాన్ వూలీ, ఆల్ఫ్రెడ్ న్యూటన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఆ పక్షి ఇంకా ఉందేమో చూద్దామని ఐస్‌లాండ్ వెళ్లారు. సముద్రం ఎల్డే మీదికి ఎక్కనివ్వలేదు. ఒడ్డున కూచుని, ఆనాటి వేటగాళ్లను పిలిచి, ఏం జరిగిందో ఒక్కొక్కరి నోటా రాసుకుని వచ్చారు. పక్షిని చూద్దామని పోయి, చావు వాంగ్మూలం రాసుకుని వచ్చినట్టయింది. ఆ న్యూటనే తర్వాత పట్టుబట్టి పోరాడితే 1869లో సముద్రపక్షుల రక్షణకు బ్రిటన్ చట్టం చేసింది. పాతికేళ్లు ఆలస్యం.

మన బట్టమేక వేట చరిత్రలో ఇలా ఒక తేదీ, ఒక రాయి, ముగ్గురి పేర్లు దొరకవు. అది దక్కను అంతటా పరుచుకుని జరిగింది. ఈ పక్షి మాంసంలో ఏ భాగమైనా రుచేనని బాబరు చక్రవర్తి తన జ్ఞాపకాల్లో మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు పాతది, తుపాకీ గురి కొత్తది. అహ్మద్‌నగర్ ప్రాంతంలో రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క దొర 1809 నుంచి 1829 దాకా చంపినవి 961. ఒక్క మనిషి, ఒక్క జిల్లా, ఇరవై ఏళ్లు. ఇవాళ దేశమంతా కలిపి బయట తిరిగేవి అందులో అయిదో వంతు కూడా లేవు. తొమ్మిదివందల అరవై ఒకటి అని అంత ఖచ్చితంగా లెక్క రాసుకున్నాడంటే దాన్ని గొప్పగానే అనుకుని ఉంటాడు.

నిజానికి బట్టమేక తేలిగ్గా దొరికే పక్షి కాదు. మనిషి తల ఎత్తు కనబడితే అర మైలు దూరంలోనే జారుకుంటుంది. అయితే ఎద్దులబండిని చూసి భయపడదు. రోజూ చూసే బండి, రోజూ వినే చక్రాల కిర్రు. వేటగాళ్లు అది కనిపెట్టారు. బండి చాటున నక్కి దగ్గరికి పోయి పేల్చేవాళ్లు. రైతును నమ్మిన పక్షిని రైతు బండి చాటు నుంచే కొట్టారన్నమాట. మధ్యభారతంలో మరో పద్ధతి ఉండేదని పాత పుస్తకాలు చెబుతాయి. గుడ్డు చుట్టూ పుల్లలు పేర్చి నిప్పు పెడితే తల్లి ఆ మంటలోకి పరుగెత్తుకొచ్చేదట, రెక్కలు కమిలి పట్టుబడేదట. అది ఎంతవరకు నిజమో అన్న అనుమానం నాకు ఉంది. కానీ గుడ్డు కోసం ఆ తల్లి అలా రాదని మాత్రం అనలేను.

స్వాతంత్ర్యం వచ్చాక జీపు వచ్చింది. గుర్రం అలసిపోయే చోట, బండి కూరుకుపోయే చోట కూడా జీపు పోతుంది. చెట్టూ పుట్టా లేని మైదానంలో దీపాలు వేసుకుని రాత్రిపూట తరిమితే ఆ బరువైన పక్షి ఎంత దూరం ఎగురుతుంది? లేచి, కిలోమీటరో రెండో పోయి, దిగుతుంది. జీపు మళ్లీ వస్తుంది. ఇంగ్లీషు దొర వెళ్లిపోయినా దొరతనం ఎక్కడికీ పోలేదు. 1969 నాటికి దేశంలో మిగిలినవి 1,260 అని పక్షి శాస్త్రజ్ఞుడు ధర్మకుమార్‌సింహ్‌జీ అంచనా వేశాడు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని మొదటి షెడ్యూల్‌లో చేర్చింది, పులితో సమానంగా. దానికి కొన్నేళ్ల ముందు ఇంకో మాట నడిచింది. పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ బట్టమేకనే జాతీయ పక్షిని చేయమన్నాడు. దానికి ఇంగ్లీషులో ఉన్న పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే బూతవుతుందని జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. ఒక్క అక్షరం! కాపాడమని దేశమంతా దాని వైపు చూడవలసిన కాలంలో చూపు పక్కకు పోయింది. నెమలి మీద నాకు కోపం లేదు. నెమలికి మాత్రం గుడిగోపురం మీద, చీర అంచు మీద, కుమారస్వామి పక్కన చోటు ముందునుంచీ ఉంది కదా.

ఇంత జరిగాక మన రోళ్లపాడు. 1970ల చివర్లో కర్నూలు జిల్లా బీళ్లలో బట్టమేకలు ఇంకా ఉన్నాయన్న సంగతి పక్షి శాస్త్రజ్ఞుల చెవిన పడింది. అప్పుడే రాజస్థాన్‌లో అరబ్బు రాచకుటుంబం డేగలతో వేటకు దిగిందన్న గొడవ పెద్దదై, 1980లో జైపూర్‌లో బట్టమేకల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ వేడిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్లపాడులో మకాం పెట్టారు. అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ ఆ గడ్డిలో ఏళ్ల తరబడి తిరిగి, ఏ పక్షి ఎప్పుడు వస్తుందో, బట్టమేక ఏం తింటుందో, ఏ పొలం అంచున దిగుతుందో రాశారు. అటవీశాఖ కందకాలు తవ్వి, పశువుల్ని ఆపి, గడ్డిని తిరిగి పెరగనిచ్చింది. గడ్డి వచ్చింది, మిడుతలు వచ్చాయి, మగపక్షులు మిట్టలెక్కి మోగాయి. 1988లో 6.14 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఎకరాల్లో చెబితే పదిహేను వందలు. మునుపటి మన ఫ్యాక్షన్ పెద్దల్లో కొందరి పొలాలు అంతకన్నా ఎక్కువే ఉండేవని ఊళ్లల్లో అనుకునేవాళ్లు.

ఆ పదేళ్లు రోళ్లపాడుకు మంచి కాలం. నేను ఈ కథలో అక్కడే కాసేపు నిలబడాలనుకుంటాను, ఎందుకంటే దేశంలో చాలా చోట్ల ఆ పాటి కాలమైనా రాలేదు. చలికాలం వస్తే మధ్య ఆసియా నుంచి వచ్చిన గద్దజాతి పక్షులు సాయంత్రం గడ్డిలో వందల లెక్కన దిగేవి. తోడేళ్లు తిరిగేవి. కృష్ణజింకలు మందలు కట్టాయి. వానల్లో నేలనెమలి గడ్డిలోంచి పైకి ఎగిరి పడుతూ నాట్యమాడేది. వీటన్నిటి మధ్య పెద్దరికం బట్టమేకది. అది ఉంటే మిగతావి ఉన్నట్టే.

కృష్ణజింకలే ముందు చిక్కు తెచ్చాయి. కంచె లోపల గడ్డి తిని, రాత్రి బయటికి వచ్చి వేరుశనగా జొన్నా మేశాయి. వర్షాధారం మీద పండించుకునే రైతుకు ఒక్క రాత్రి మేత అంటే ఒక ఏడు అప్పు. నష్టపరిహారం కాగితాలకు తిరిగి తిరిగి ఆయనకు అభయారణ్యం అనే మాట మీదే విసుగు పుట్టింది. బట్టమేక ఒక్క గింజ కాజేసినట్టు ఎవరూ అనలేదు. పైరు మీది పురుగును తిని మేలే చేసేది. కానీ ప్రభుత్వం ఎవరి కోసం ఈ కంచె వేసిందంటే దాని పేరే కదా చెప్పాలి. ఆ కోపంలో దాని వాటా దానికి వచ్చింది.

తర్వాత నీళ్లు వచ్చాయి. కరువు సీమలో నీళ్లు రావడాన్ని విషాదంగా రాయడానికి నాకు నోరు లేదు, రాయను. 1860లలో తవ్విన కె.సి. కాలువ నంద్యాల మైదానానికి అన్నం పెట్టింది. తర్వాత శ్రీశైలం కుడిగట్టు కాలువ, తెలుగుగంగ, వెలుగోడు జలాశయం, రోళ్లపాడు పక్కనే అలగనూరు జలాశయం. ఒక్కొక్క కాలువ వెనక ఒక్కొక్క తరం ఎదురుచూపు ఉంది. కాకపోతే నీళ్లు తగిలిన బీడు బీడుగా ఉండదు. కొర్ర, జొన్న పోయి పత్తి, మిరప, పొగాకు వచ్చాయి. పత్తికి మందు కొట్టాలి. మందు కొట్టిన చేలో మిడుత ఉండదు, మిడుత లేని చేలో బట్టమేక నిలవదు. అభయారణ్యం లోపల 1,500 ఎకరాల గడ్డి మిగిలింది, నిజమే. కానీ ఆ పక్షి ఏడాదంతా ఒకచోట కూచునేది కాదు. గుడ్డు పెట్టడానికి ఆ గడ్డి, మిగతా కాలం తిరగడానికి వందల చదరపు కిలోమీటర్ల బీళ్లు, పడావు పొలాలు. మనం పురిటిగదిని కాపాడి ఇల్లు అమ్మేశాం.

ఇక్కడ నేను ఒక మాట దగ్గర ఆగిపోతాను. బీడు. రెవెన్యూ అడంగళ్లో రాసే మాట. బీడు, బంజరు, పోరంబోకు. అంటే ఎందుకూ పనికిరాని నేల అని. గొర్రెలకాపరికి అది పనికొస్తుంది, నక్కకూ కుందేలుకూ పనికొస్తుంది, వాననీరు ఇంకడానికి పనికొస్తుంది. కానీ శిస్తు కట్టని నేల కాబట్టి లెక్కలో అది సున్న. అడవి నరికితే నలుగురు అడుగుతారు. బీడు దున్నితే అభివృద్ధి అంటాం. బీట్లో చెట్లు నాటితే వనమహోత్సవమని ఫోటో తీయించుకుంటాం, అక్కడ చెట్టు అక్కర్లేని పక్షి ఉందని ఎవరూ గుర్తుచేయరు. వేట ఈ జాతి నడుం విరగ్గొట్టింది. మళ్లీ లేవకుండా చేసింది మాత్రం ఈ మాటే అని నా నమ్మకం. తుపాకీ పట్టినవాడికి కనీసం అది పక్షి అని తెలుసు. ‘బీడు’ అని రాసినవాడికి అక్కడ పక్షి ఉన్నట్టే తెలియదు.

మధ్యప్రదేశ్‌లో కరేరా అని ఒక చోటు ఉంది. 1981లో బట్టమేకల కోసమే అభయారణ్యం చేశారు. అందులో ఎక్కువ భాగం రైతుల సొంత భూమి. అమ్ముకోవడానికి లేదు, కొనడానికి లేదు. పదిహేనేళ్లు తిరక్కుండానే అక్కడ పక్షులు మాయమయ్యాయి. కరేరాలో రైతులకు ఆ పక్షి మీద పుట్టిన కోపమే కొంచెం తక్కువ మోతాదులో రోళ్లపాడులోనూ పుట్టింది.

ఆ తర్వాత తీగలు. బట్టమేక కళ్లు తలకు పక్కగా ఉంటాయి. నేల మీద పురుగును, పక్కనుంచి వచ్చే నక్కను చూడటానికి అవి బాగా పనికొస్తాయి. ఎగిరేటప్పుడు సూటిగా ముందున్నది సరిగా కనబడదు. పదిహేను కిలోల ఒంటితో ఆఖరి క్షణాన పక్కకు తిరగడమూ కుదరదు. హైటెన్షన్ తీగ దగ్గరికి వచ్చాక గానీ కనబడదు. రాజస్థాన్ ఎడారిలో ఏటా 18 దాకా బట్టమేకలు తీగలకు తగిలి చస్తున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. నూటయాభై లేని జాతిలో పద్ధెనిమిది. మాన్స్‌ఫీల్డ్ తుపాకీ పక్కన పెట్టి తీగ లాగాడనుకోవచ్చు. మన దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య 2017లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 5,900 ఎకరాలకు పైగా నేల. అప్పటికి అంత పెద్దది లోకంలోనే లేదని గొప్పగా చెప్పుకున్నాం. నేనూ చెప్పుకున్నాను. అది రోళ్లపాడు అభయారణ్యానికి దాదాపు నాలుగింతలని అప్పుడు నాకు తట్టలేదు. బొగ్గు కాల్చకుండా కరెంటు రావడం మంచిదే. పాపం చేయకుండానే పాపంలో వాటా పడటమంటే ఇదేనేమో.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బట్టమేకలున్న చోట్ల తీగల్ని భూమిలోకి దించమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణం చెడకుండా ఉండే హక్కు ఒకవైపు, పక్షి ప్రాణం ఒకవైపు పెట్టి తూచవలసి వచ్చింది న్యాయమూర్తులకు. ఈలోగా జైసల్మేర్ దగ్గర ఇసుకలో దొరికిన గుడ్లను తెచ్చి యంత్రాల్లో పొదిగించడం 2019లో మొదలైంది. పిల్లలు పెరిగాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టింది. జాతి మొత్తానికి ఇది చిన్న ఆశ. ఆ పిల్లల్లో ఏవైనా ఎప్పటికైనా ఎగిరి వెళ్తే అవి థార్ ఎడారి పిల్లలు. మన కుందూ ఏటి గాలి వాటికి తెలియదు. మహారాష్ట్ర, కర్ణాటక, మన రాష్ట్రం, ఈ మూడింటిలో కలిపి మిగిలినవి రెండు చేతుల వేళ్ల మీదే లెక్క తేలిపోతాయి.

రోళ్లపాడులో గడ్డి ఇప్పటికీ మొలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కొత్తగా ఏర్పడినప్పుడు ఆ గడ్డి కర్నూలు పటం నుంచి నంద్యాల పటంలోకి మారింది. కొత్త జిల్లాకు చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. నవనందులు, మహానంది, యాగంటి, అహోబిలం, శ్రీశైలం. చలికాలపు గద్దలు ఇంకా వస్తాయి. జింకలు ఉన్నాయి. మిట్టలూ ఉన్నాయి. మిట్ట మీద నిలబడి మోగేవాడే లేడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు ఎవరైనా చూసే ఉంటారు. ఉలి మోత రోజంతా ఆగదు. నంది, గణపతి, నరసింహుడు, ఆంజనేయుడు, మధ్యలో చేయెత్తిన నాయకుడు. ఏది అడిగినా చెక్కి లారీ ఎక్కించి పంపుతారు. గరుత్మంతుడున్నాడు, హంస ఉంది, నెమలి ఉంది. బట్టమేకను చెక్కించుకున్నవాణ్ని నేను చూడలేదు. ఐస్‌లాండ్‌లో సముద్రపు ఒడ్డున, ఎల్డే రాయి కనబడే చోట, కంచుతో పోసిన గ్రేట్ ఆక్ ఒకటి నిలబెట్టారు. అది ఆ రాయి వైపే చూస్తూ ఉంటుంది.

గుజరాత్‌లోని కచ్ గడ్డిలో 2018 తర్వాత మగ బట్టమేక కనబడలేదు. కొన్ని ఆడపక్షులే మిగిలాయి. అయినా వానలు రాగానే అవి పల్లం వెతుక్కుని, నేల మీద ఒక్క గుడ్డు పెడుతూ వచ్చాయి. కూచుని పొదిగాయి. కుక్క వస్తే లేచి రెక్కలు విప్పి బెదిరించాయి. మళ్లీ వచ్చి కూచున్నాయి. ఎల్డే రాయి మీది గుడ్డును నలపడానికి ఒక బూటు కావలసి వచ్చింది. వీటికి ఎవరూ కాలు పెట్టనక్కర్లేదు. జీవం లేని గుడ్డు మీద తల్లి ఇరవై ఏడు రోజులు దాటినా లేవదు.

రోళ్లపాడు గడ్డిలో ఇప్పుడు ఆ గుడ్డూ లేదు.